గైడెందుకు దండగ అనుకున్నాను

మా టీమ్‌లో ఒక బెంగాలీ మిత్రుడున్నాడు. పోయినేడాది రెండు వారాలు సెలవు పెట్టి పెరూ వెళ్ళొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకటే గోల. ఇంకా వాళ్ళు అలా కట్టారు, ఇంకా వాళ్ళు ఇలా చెక్కారు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చారు... "ఇంకా ఎన్నాళ్ళురా బాబూ" అని నేను తెలుగులో విసుక్కుంటే, పాపం అది కూడా ఇంకా వాళ్ళ గురించే అనుకుని మరో అరగంట చెప్పాడు :)

ఓ రోజు మాటల్లో వాడో సంగతి చెప్పాడు. ప్యాకేజీ టూరు వద్దనుకుని అన్నీ సొంతంగానే బుక్ చేసుకున్నాడట. కానీ కుస్కో చేరాక మాత్రం ఒక లోకల్ గైడుని వెతికి మరీ పట్టుకున్నాడట. క్వెచువా మాతృభాషగా ఉన్న మనిషి. "ఆయన లేకపోతే నాకవి రాళ్ళే" అన్నాడు.

నేనూరుకుంటానా! "గైడెందుకు దండగ? ఫోనుంది, మ్యాపుంది, వికీపీడియా ఉంది. గైడన్నవాడు ఉన్నదానికి పది కలిపి చెప్పి, చివర్లో వాళ్ళ బావమరిది కొట్టుకి తీసుకెళ్తాడు" అని ఒక ఉపన్యాసం దంచాను. అక్కడితో ఆగినా బావుండేది. "అయినా పెరూ దాకా ఎందుకు? మావైపు రెండు వేల ఏళ్ళ నాటి గుహలున్నాయి, పెద్ద రాజధాని ఉంది" అని కూడా కోసేశాను. వాడు టక్కున "అయితే ఎప్పుడు తీసుకెళ్తావ్?" అన్నాడు.

ఇరుక్కుపోయానన్నమాట.

ఎందుకంటే, మాది తాడేపల్లిగూడెం. ఇంజనీరింగు ఏలూరు దగ్గర చదివాను. ఆ నాలుగేళ్ళలో ఏలూరు సినిమా హాళ్ళన్నిటికీ హాజరు వేయించుకున్నాను కానీ, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న గుంటుపల్లికి వెళ్ళింది మాత్రం ఒకే ఒక్కసారి. ఫైనలియర్లో బైకుల మీద వెళ్ళాం. ముప్పావు గంట ఉన్నాం. ఫోటోలు దిగాం. "అంతేనా?" అనుకుని వచ్చేశాం. నాకు తెలిసిన గుంటుపల్లి అంతే. ఈ మాట మాత్రం వాడికి చెప్పలేదు లెండి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి వాణ్ణి మా ఊరు తీసుకొచ్చాను. మొదటి రోజు కొల్లేరు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి పడవెక్కాం. పడవాయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, నీళ్ళు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోతాయో. బుడమేరు, తమ్మిలేరు ఇందులోకి దిగుతాయనీ, ఇందులో నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయనీ నేను సోషల్ పుస్తకంలో చదువుకున్నాను. ఆయన వేలు పెట్టి చూపించాడు. 1999లో సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారనీ, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారనీ నేను నెట్లో చదివిన లెక్కలు అప్పజెప్పాను. "2006లో చెరువు గట్లు కొట్టేసినప్పుడు చూడాలండి" అని ఆయన మొదలుపెడితే, నేను నోరు మూసుకున్నాను. చేపల చెరువుల మీద బతికిన ఇంటి వాడు చెప్తున్న సంగతి అది. ఏ వెబ్‌సైట్లో ఉంటుంది?

అక్కడ పడవాయన్ని దండగ అని ఎవరూ అనరు. ఆయన లేకపోతే ఒడ్డునే నిలబడాలి. శిథిలాల దగ్గరికొచ్చేసరికి మాత్రం, కాళ్ళున్నాయి కదా, నడిచేస్తాం కదా, ఇంకెవరెందుకు అనుకుంటాం.

రెండో రోజు పొద్దున్నే పెదవేగి. ఏలూరుకి దగ్గరే. ఇవాళ పెదవేగి అంటే మావైపు ఎవరికైనా గుర్తొచ్చేది పామాయిల్ తోటలు. దేశం మొత్తానికి పామాయిల్ పరిశోధన సంస్థ ఉన్నది అక్కడే. కానీ వేంగి అంటే ఆ ఊరే కదా! 4, 5 శతాబ్దాల్లో సాలంకాయనుల రాజధాని. 7వ శతాబ్దంలో బాదామి నుంచి రెండో పులకేశి ఈ ప్రాంతం గెలిచి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడికి అప్పజెబితే, తూర్పు చాళుక్యుల కథ మొదలైంది. ఆ శతాబ్దంలోనే మన దేశం తిరిగిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశపు రాజధాని అని రాసుకున్న ఊరు ఇదేనని పండితులంటారు. తర్వాతెప్పుడో రాజధాని రాజమహేంద్రవరానికి మారింది, 11వ శతాబ్దంలో అక్కడే రాజరాజ నరేంద్రుడి దగ్గర నన్నయ భారతం మొదలుపెట్టాడు. అంటే మన సాహిత్యం వెనక ఉన్న రాజ్యానికి పుట్టిల్లన్నమాట ఈ ఊరు.

ఇదంతా కార్లో వాడికి ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మ్యాపు "మీరు చేరుకున్నారు" అంది. దిగాం. ఎదురుగా ఒక దిబ్బ. ముళ్ళ కంపలు. రక్షిత ప్రదేశం అని, 1958 చట్టం ప్రకారం పాడుచేస్తే శిక్ష అని పురావస్తు శాఖ వారి నీలం బోర్డు.

"ఏదీ రాజధాని?" అన్నాడు.

"ఇదే."

"ఇదంటే ఏది?"

"ఇదే... ఇక్కడే... కింద."

వాడు మర్యాదస్తుడు. దిబ్బ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, నీళ్ళ సీసా మూత తీసుకున్నాడు. అక్కడ తవ్వకాలు జరిగాయని నాకు తెలుసు. ఎక్కడ తవ్వారు, ఏం దొరికింది, మళ్ళీ ఎందుకు పూడ్చారు, ఈ దిబ్బకీ ఊరికీ సంబంధమేంటి అని వాడు అడిగిన నాలుగింటికీ నా దగ్గర జవాబు లేదు. ఫోన్లో వెతికితే మళ్ళీ ఆ రాజుల వరసే వచ్చింది. పావుగంటలో కారెక్కేశాం.

అక్కణ్ణుంచి కామవరపుకోట వైపు వెళ్ళి, జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి కొండలు చేరేసరికి పదకొండు. ఈసారి గట్టిగా తయారయ్యే వచ్చాను. రెండు పీడీఎఫ్‌లు, ఒక వీడియో. మెట్లెక్కుతూ మొదలుపెట్టాను. ఇవి బౌద్ధ గుహలు, క్రీస్తుకు పూర్వం 2, 1 శతాబ్దాల నాటివి, ఇవి భిక్షువులు ఉండే విహారాలు, అదిగో ఆ గుండ్రటిది చైత్యగృహం, లోపల రాతి స్తూపం... గుండ్రటి గుహలోకి వెళ్ళాం. పైకప్పంతా గోపురంలా తొలిచి, దానికి దూలాల్లాంటివి చెక్కి ఉంటాయి. బీహార్‌లో బరాబర్ కొండల్లో మౌర్యుల కాలపు గుహలతో పోలుస్తారు దీన్ని. అదీ చెప్పాను.

వాడు తల పైకెత్తి చాలాసేపు చూసి అడిగాడు. "మొత్తం ఒకటే రాయి కదా. రాతికి దూలాలెందుకు?"

ఫోన్ చూసి "చెక్క కట్టడాన్ని అనుకరించారు" అన్నాను.

"అదే, ఎందుకు అనుకరించారు? ఏ కట్టడాన్ని?"

అదిగో, అక్కడ ఆగిపోయింది నా గైడు ఉద్యోగం.

అప్పుడొచ్చాడండీ ఆయన. అరవై దాటి ఉంటాయి. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. మేకలు కింద మేస్తున్నాయి. ఇందాకట్నుంచీ గుమ్మం దగ్గర నిలబడి నా ఇంగ్లీషు వింటున్నట్టున్నాడు. "ఎక్కణ్ణుంచండి బాబూ? హైదరాబాదా అండి?" అని పలకరించి, వాడు పైకి చూస్తుండడం గమనించి లోపలికొచ్చాడు.

"ఆ బాబు ఏవడుగుతున్నాడండి?"

చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఇది సుట్టిల్లండి బాబూ. మా అమ్మమ్మగారి సుట్టిల్లు లోపల అచ్చం ఇలాగే ఉండేది. నడిమద్దెన నుంచి వాసాలు గొడుగు పుల్లల్లాగా దిగేయి. అడ్డంగా సుట్టూతా బద్దలు కట్టేవోరు. ఆళ్ళు రాతిలో సెక్కారు, మేం తాటాకు కప్పుకున్నాం. అంతేనండి తేడా."

నిజం చెప్తున్నా, ఒళ్ళు జలదరించింది. "చెక్క కట్టడాల అనుకరణ" అన్న మాట నేను మూడు చోట్ల చదివాను. ఒక్కసారి కూడా చుట్టిల్లు గుర్తు రాలేదు. చిన్నప్పుడు మా చుట్టాల ఊళ్ళలో చూసిందే! మన తీరం వెంబడి గాలివానలకి తట్టుకోడానికి కట్టుకున్న గుండ్రటి ఇల్లు. ఆ భిక్షువులకి కొండ తొలిచిన శిల్పి ఆకాశంలోంచి ఏమీ ఊడిపడలేదు, తనకి తెలిసిన ఇంటినే రాతిలోకి తెచ్చుకున్నాడు. నేను చదివింది గుహ గురించి. ఆయనకి తెలిసింది ఆ గుహ దేన్ని చూసి చెక్కారో అది.

ఇంగ్లీషులోకి మార్చి మావాడికి చెప్పాను. వాడు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తర్వాత రెండు గంటలు ఆయనే తిప్పాడు. స్తూపాన్ని చూపించి "మేం ధర్మలింగేశ్వరుడంటావండి. మీరు బుద్ధుడిదంటారు. ఇద్దరికీ దణ్ణం పెట్టుకుంటే పోలా?" అన్నాడు. కొండ పైన వరసగా ఉన్న చిన్న స్తూపాల మధ్య ఎటు నడవాలో, ఎండ తగలకుండా ఎక్కడ కూర్చోవాలో చూపించాడు. "ఇక్కణ్ణుంచి రాజమండ్రి దాకా సొరంగం ఉందండి" అని కూడా చెప్పాడు. (తెలుగుదేశంలో సొరంగం లేని శిథిలం ఉందా అసలు!) మావాడికి అది అనువాదం చేసేటప్పుడు "అని ఊళ్ళో అనుకుంటారు" అని చేర్చాను. సొరంగం అబద్ధమైనా, అలా అనుకుంటున్నారన్నది నిజమే కదా.

మండపం దగ్గర స్తంభం మీద రాతల గురించి అడిగితే మాత్రం తడుముకోకుండా "అది నాకు తెలవదండి" అన్నాడు.

అదొక్కటీ నాకు తెలుసు! మహామేఘవాహన వంశపు రాజు సిరిసదుడి దగ్గర లేఖకుడుగా పనిచేసిన చుళగోముడు ఆ మండపాన్ని దానంగా ఇచ్చాడని శాసనం. అదే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే రాజుగారు కట్టించింది కాదా అండి? గుమాస్తా కట్టించాడా?" అన్నాడు. అవునన్నాను. "భలే వోడండి" అని స్తంభాన్ని ఒకసారి తట్టాడు. రోజంతా కీబోర్డు కొట్టే గుమాస్తాని కాబట్టి నాకూ భలే అనిపించింది. ఆ తర్వాత మెట్ల దగ్గర ఎవరో కుర్రాళ్ళు ఎదురైతే, ఆయన వాళ్ళని ఆపి మరీ "ఆ మండపం గుమాస్తా కట్టించాడంట, తెలుసా?" అని చెప్తున్నాడు.

వచ్చేటప్పుడు నేను జేబులోంచి యాభై తీశాను. మావాడు నా చెయ్యి పట్టుకుని ఆపి, ఐదొందలు తీసిచ్చాడు. ఆయన నోటుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి రెండు గంటలు సరిపోదండి. రేపు మళ్ళీ రండి" అన్నాడు. కార్లో మావాడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "కుస్కోలో అయితే నువ్వు యాభై ఇచ్చేవాడివా?"

జవాబు చెప్పలేదు. పరదేశంలో అయితే డాలర్లు లెక్కపెట్టి ఇస్తాం, పైన టిప్పు కూడా ఇస్తాం. మన ఊళ్ళో అదే పని చేసిన మనిషికి టీ డబ్బులు. ఆయనకి తెలిసింది విద్యే కాదని మన ఉద్దేశం.

ఇది కొత్తేం కాదు. మాచు పిచ్చు కథే చూడండి. 1911 జూలై 24న హిరం బింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ అక్కడికి చేరాడు. దారి చూపించింది కొండ కింద ఉండే మెల్చోర్ ఆర్తియాగ అనే రైతు. అందుకు ఇచ్చింది ఒక్క సోల్, అంటే వాళ్ళ రూపాయి. క్వెచువా తెలిసిన ఒక సార్జెంటు దుబాసీ. పైకి వెళ్తే అక్కడ రైతు కుటుంబాలు ఆ పాత మెట్ల చేలలోనే వ్యవసాయం చేసుకుంటున్నాయి. శిథిలాల్లో తిప్పి చూపించింది ఒక చిన్న కుర్రాడు. గోడ మీద లిజారగ అని, 1902 అని బొగ్గుతో రాసి ఉంది, అంటే అక్కడి మనిషే తొమ్మిదేళ్ళ ముందు వచ్చి వెళ్ళాడు. అయినా ప్రపంచానికి "కనిపెట్టిన" వాడిగా తెలిసింది బింగ్‌హామ్. ఇవాళ పెరూలో ఇంకా ట్రెయిల్ నడవాలంటే లైసెన్సున్న గైడు తప్పనిసరి. ఆ ఒక్క సోల్ దగ్గర్నుంచి అక్కడిదాకా వచ్చారు వాళ్ళు. మనం ఇంకా సోల్ దగ్గరే ఉన్నాం.

ఆఫీసులో ఈ కథ చెప్తే ఒకడు వెంటనే "క్యూఆర్ కోడ్ పెట్టి ఆడియో యాప్ చేద్దాం రా" అన్నాడు. మనకి సమస్య కనబడితే యాప్ కనబడుతుంది కదా! నేనూ ముందు అదే అనుకున్నాను. చెయ్యొచ్చు, శాసనాలు, తేదీలు చెప్పడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కానీ ఆ యాపులో స్క్రిప్టు రాసేది నాలాంటివాడే. "చెక్క కట్టడాల అనుకరణ" అనే రాస్తాడు.

అలాగని మేకలు కాసే ప్రతివాడూ గొప్ప గైడని నేననడం లేదు. ఆ బావమరిది కొట్టు గైడ్లూ ఉన్నారు, నేనూ మోసపోయాను. అందుకే మంచివాణ్ణి పట్టుకోడానికి నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు చెప్తాను.

ముందు టీ కొట్టు, తర్వాతే గుహ. "ఇక్కడ ఈ కొండ గురించి బాగా తెలిసినాయన ఎవరు?" అని అడగండి. రెండు మూడు చోట్ల ఒకే పేరొస్తే ఆయనే. ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి, బేరం కోసం కాదు, ఇది పని అని ఇద్దరికీ తెలియడం కోసం. "ఇది ఏ శతాబ్దం" అని అడక్కండి, అది మీ ఫోన్లో ఉంది. "మీ చిన్నప్పుడు ఇక్కడెలా ఉండేది?" అని అడగండి. మధ్యలో ఒక్కసారైనా "నాకు తెలవదండి" అన్నాడంటే మిగతావి నమ్మొచ్చు. అన్నిటికీ జవాబు చెప్పేవాడితోనే జాగ్రత్త. చివరగా, మీకు తెలిసింది ఆయనకీ చెప్పండి. గుమాస్తా కథ రేపు ఇంకో పదిమంది వింటారు.

ఇక ప్రభుత్వం వైపు నుంచి. నీలం బోర్డు పక్కన ఇంకో చిన్న బోర్డు చాలు. ఊళ్ళో ఆసక్తి ఉన్న నలుగురైదుగురికి పురావస్తు శాఖ వాళ్ళే ఒక వారం శాసనాలు, తవ్వకాల సంగతులు తెలుగులో చెప్పి, వాళ్ళ పేర్లు, గంటకి ఇంత అని రేటు ఆ బోర్డు మీద రాయించాలి. రేటు రాసుంటే దోపిడీ గొడవ ఉండదు, నాలాంటి యాభై రూపాయల వాళ్ళ బెడదా ఉండదు. పెదవేగిలో అయితే ఇది మరీ అవసరం. గుంటుపల్లిలో కనీసం గుహలు కనపడతాయి. వేంగి మట్టి కింద ఉంది, చెప్పే మనిషి లేకపోతే అది దిబ్బే.

ఆఖర్న ఒక సొంత గొడవ. మా తాతయ్యది దెందులూరు పక్క పల్లె. వాళ్ళ పెరట్లో నీళ్ళ గోళెం కింద నాలుగు ఇటుకలుండేవి. మామూలు ఇటుకకి రెండింతలు పైనే. చిన్నప్పుడు వాటి మీద కూర్చుని స్నానం చేసేవాణ్ణి. "పొలంలో నాగలికి తగిలాయిరా, అక్కడ పూర్వం ఏదో ఉండేదంట" అనేవాడు తాతయ్య. ఏముండేదని నేనడగలేదు. ఏ పొలమో కూడా అడగలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఇల్లు అమ్మేశారు, గోళెం ఏమైందో తెలీదు. మొన్న ఆ దిబ్బ ముందు నిలబడి మావాడి ప్రశ్నలకి నీళ్ళు నమిలినప్పుడు ఆ ఇటుకలే గుర్తొచ్చాయి. గైడు మా ఇంట్లోనే ఉండేవాడు. నేను దండగ అనుకున్నాను.

మళ్ళీ సంక్రాంతికి వెళ్తున్నాను. ఈసారి తాతయ్య ఊళ్ళో ఆయన ఈడు వాళ్ళు ముగ్గురున్నారట, ముందు వాళ్ళ దగ్గర కూర్చోవాలి. తర్వాత గుంటుపల్లి, మేకలాయనకి బాకీ ఉన్నాను. మీ ఊళ్ళో కూడా ఒక దిబ్బో, పాడుబడ్డ గుడో ఉండే ఉంటుంది. దాని గురించి మీ ఇంట్లో ఎవరికి తెలుసో ఈ రాత్రి ఫోన్ చేసి కనుక్కోండి.